నెమలి ఛాప్ కోడి

నిజామాబాదు స్టేషను పక్క సందులో వీరస్వామి గీసిన బొమ్మ లేని దుకాణం వెతికితే గానీ దొరకదు. పసుపు బస్తాల మీది ముద్రలు, బీడీ కట్టల లేబుళ్లు, సబ్బు కాగితాలు, శుభలేఖలు, పుస్తకాల అట్టలు అన్నీ అతని చేతి మీదుగా వెళ్లినవే. బొమ్మ బాగుందంటారు. గీసినవాడు ఎవడురా అని మాత్రం ఒక్కడూ అడగడు. అదే అతని కడుపుమంట.

చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ పండక్కి గుడ్డల మీద వాక్యాలు రాస్తూ కుంచె పట్టడం నేర్చుకున్నాడు. అప్పటి నుంచీ అతనికున్న ఆశ ఒక్కటే. తను గీసిన మంచి బొమ్మ ఒకటి, కింద మూలన తన పేరుతో అచ్చు కావాలి. అదేమైనా రాజ్యం అడిగినట్టా? చెరుకు సాగు పుస్తకానికి అట్ట వేస్తే, ప్రెస్సువాళ్లు అంచు కత్తిరించేటప్పుడు పేరు కూడా కోసేశారు. చర్చి జూబిలీ పుస్తకానికి వేస్తే, దేవుని పనిలో మనిషి పేరెందుకని పాస్టరుగారే తీసేయమన్నారు. శుభలేఖల సంగతి చెప్పనే అక్కర్లేదు. మేనమామల నుంచి వేలు విడిచిన మేనత్తల దాకా అందరి పేర్లూ ఉంటాయి, అతనిది తప్ప.

అలాంటి రోజుల్లో ఒకనాడు బీడీ కార్ఖానా రాజారాం సేఠ్ మొహం మాడ్చుకుని వచ్చాడు. అతనిది నెమలి ఛాప్ బీడీ, కట్ట మీద నెమలి గుర్తు. నిజాం కాలంలో వాళ్ల నాన్న ఎవరితోనో గీయించిన బొమ్మ. బానకడుపు, చీపురుకట్టలాంటి తోక, నెత్తిన కోడిజుట్టులాంటిదేదో ఉండేది. బోధన్ నుంచి వర్ని దాకా జనమంతా దాన్ని కోడి బీడీ అనే అడిగేవారు.

"మా వియ్యంకుడు నాందేడ్ల పదిమంది ముంగట నవ్విండు, కోడి సేఠ్ అనుకుంట," అన్నాడు రాజారాం. "గీ నెమలిని నెమలి లెక్క చెయ్యాలె, వీరస్వామీ."

"చేస్త సేఠ్. కింద మూలకు నా పేరేసుకుంట."

"ఏసుకో. ఎవరొద్దన్నరు?"

వీరస్వామికి ఒళ్లు పులకరించింది. పొద్దున్నే బస్సెక్కి వర్ని వెళ్లి, కాలువ గట్టున కూర్చుని పొలాల్లో దిగే నెమళ్లను కళ్లారా చూసి వచ్చాడు. తర్వాత అన్నం నీళ్లు మరిచి గీశాడు. మెడ తిప్పి చూస్తున్న నెమలి, పురిలో ఒక్కో కన్నూ వేరేగా. కింద తన పేరు, వెంట్రుకంత సన్నని అక్షరాలతో. భార్య రూతమ్మ ఎన్నడూ మెచ్చుకునే మనిషి కాదు. ఆమె కూడా తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"కిటికీ మూసి పెట్టు. ఎగిరిపోతదేమో," అంది.

హైదరాబాదు ప్రెస్సు నుంచి మొదటి అచ్చు వస్తే, సందంతా తిప్పి చూపించి, బైబిల్లో పెట్టుకున్నాడు.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. చెరుకు ఆడే రోజులు వచ్చాయి. బోధన్‌లో శక్కర ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు బారులు తీరి ఉంటాయి. వంతు వచ్చేదాకా బండివాళ్లకు బీడీయే దిక్కు. రాజారాం సరుకులో సగం అక్కడే చెల్లుతుంది. ఆ ఏడు మాత్రం కట్టలు కట్టలుగా వెనక్కి వచ్చాయి. రాజారాం వచ్చి వీరస్వామిని రెక్క పట్టుకున్నంత పని చేసి బోధన్ తీసుకుపోయాడు.

గేటు పక్క పాన్ డబ్బా దగ్గర ముత్తన్న అనే బండివాడు వచ్చి కోడి బీడీ అడిగాడు. కట్ట చేతికి రాగానే అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"గిది కోడి గాదు. నకిలీ మాల్."

వీరస్వామి ఉండబట్టలేక ముందుకొచ్చాడు. "అన్నా, లోపల ఆకు గదే, తంబాకు గదే. బొమ్మ మంచిగైంది, అంతే."

"మంచిగైంది గాబట్టే అంటున్న. మాది గింత మంచిగుండదు," అన్నాడు ముత్తన్న. "సదువొస్తే పేరు సూద్దుము. మాకు బొమ్మనే ఆధారం. మా బాపు తాగింది కోడి, నేను తాగేది కోడి. గీ పక్షి ఎవరిదో."

వీరస్వామికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇన్నాళ్లకు తన పని బాగుందని ఒక మనిషి మొహం మీద చెప్పాడు, చెప్పి వెనక్కిచ్చేశాడు.

తిరుగు బస్సులో రాజారాం తేల్చేశాడు. "నా కార్ఖానా మునుగుతది. పాత కోడిని గీసియ్యి."

ప్రెస్సులో పాత బొమ్మ ఉన్న అచ్చురాయిని అరగదీసి, దాని మీదే నెమలిని ఎక్కించారు. ఇక చేత్తో మళ్లీ గీయాల్సిందే. చిరిగిన పాత లేబుల్ ఒకటి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఎంత చూసి గీసినా చెయ్యి మాట వినదు. వంకర కాలు దానంతటదే సరి అవుతుంది. బిగుసుకున్న మెడ ఒయ్యారంగా వంగుతుంది.

రాజారాం చూసి తల అడ్డంగా ఊపాడు. "గిది మంచి కోడైంది. మనది కోడీ గాదు, నెమలీ గాదు."

మళ్లీ గీశాడు. ఈసారి కంట్లో జీవం వచ్చింది. అదీ పనికిరాలేదు. తల ప్రాణం తోకకొచ్చి, చివరికి కుంచె ఎడమచేత్తో పట్టాడు. పక్కన కూర్చున్న రూతమ్మ కిసుక్కున నవ్వింది. పొయ్యి దగ్గరికి పొమ్మని కసిరాడు. కసిరినందుకు తర్వాత బాధపడ్డాడు.

ఎడమచెయ్యి అనుకున్నదానికన్నా బాగా పాడుచేసింది. బతుకులో మొదటిసారి కింది మూల తనంతట తనే ఖాళీగా వదిలేశాడు.

"గిదే, మా బాపు కోడి," అని రాజారాం సంబరపడ్డాడు. అంతలో కాగితం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "నీ పేరేది?"

"దీనికొద్దు సేఠ్. నీ కాళ్లు మొక్కుత."

"అట్లెట్ల? ఒకపారి నకిలీ అని పేరు పడ్డది. దుకాణపోళ్లకు సదువొస్తది కద, కింద పేరున్నదే అసల్ మాల్ అని చెప్తం. నువ్వు కష్టపడకు. నెమలి కింద రాసినవు సూడు, గదే దించుమంట ప్రెస్సోళ్లను."

అన్నట్టే దించారు. నెమలి కోసం కళ్లు పోయేలా రాసిన ఆ సన్నని అక్షరాలు బానకడుపు కోడి కాళ్ల కింద కూర్చున్నాయి. ఈసారి అంచు కత్తిరించినవాడు కూడా పేరు జోలికి పోలేదు. బండ్లవాళ్లు తాగి పారేసిన కట్టల కాగితాల మీద, ఏ ఊళ్లో చూసినా వీరస్వామి పేరే.

ఆ చలికాలంలోనే బోధన్ నుంచి ఆత్మారాం అనే సబ్బుల వ్యాపారి అడ్రసు వెతుక్కుంటూ వచ్చాడు. గోడ మీద మేకుకు గుచ్చిన నెమలిని చూసి, చూపు తిప్పుకున్నాడు.

"కోడి బీడీ వీరస్వామివి నువ్వేనా? మస్తు నడుస్తుంది నీ బొమ్మ. మా సబ్బుకు హంస గావాలె. అచ్చం గట్లనే గీయాలె, అన్నా."

వీరస్వామి అతన్ని కూర్చోమన్నాడు. తర్వాత కాగితం పరుచుకుని, కుంచె ఎడమచేతిలోకి తీసుకున్నాడు.