ఏడుల లెక్కలో పదమూడు

తెలంగాణ బంద్ రోజున దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కోచింగ్ సెంటర్‌లో షట్టర్ దించి క్లాసు నడిపారు. గుంటూరు నుంచి వచ్చిన లెక్కల సారు, పదులకు బదులు ఏడులతో లెక్కించే పద్ధతిలో 13 అని బోర్డు మీద రాసి, సరిసంఖ్యో బేసిసంఖ్యో చెప్పమన్నారు.

"చివర మూడుంది, బేసే సార్" అన్నాను.

"చివరి అంకె చూసి తేల్చేస్తావేంటి? ముందున్న ఒకటి ఇక్కడ ఏడు. ఏడూ మూడూ పది. సరిసంఖ్య."

అంతలో ఎవరో షట్టర్‌ను దబదబా బాదారు. "లోపల చెప్పే సారుది ఏ ఊరు?"

సారు నోరు విప్పితే యాసే పట్టిస్తుంది. నల్గొండవాణ్ని కాబట్టి నేను లేచాను. "ఎల్బీ నగర్ల ఉంటరన్నా."

ఊరేగింపుల్లో నేనూ నడిచినవాణ్నే. అయినా ఆ ప్రశ్నకు ఒళ్లు మండింది.

బాదినవాళ్లు వెళ్లారో లేదో తెలియలేదు. సారు మాత్రం ఇక మాట్లాడలేదు. బోర్డు మీద 14 రాసి, ముందున్న ఒకటి మీద వేలు పెట్టి, మా వైపు చూశారు.