పెట్రోలులో నానిన రింగు

ఎల్బీ నగర్ చౌరస్తాలో మెకానిక్ షెడ్డు ముందు నుంచి నడుస్తుంటే పెట్రోలు, కొత్త రబ్బరు కలిసిన వాసన ఇప్పటికీ నా కాళ్లను ఆపుతుంది. అది దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందు గదిలో నాన్న నడిపిన స్పేరుపార్టుల దుకాణం వాసన. నల్గొండ దగ్గర మాకు కోటలాంటి గడీ ఉండేది, ఊరంతా మా తాతను దొర అనేది. అవన్నీ పోయి పట్నంలో బండ్ల లీకులు ఆపే రబ్బరు రింగులు అమ్ముకున్నా నాన్న చొక్కాకు గంజి తగ్గలేదు, వెన్ను వంగలేదు.

ఎండాకాలం అమ్మ కలిపే మామిడి తొక్కు ఘాటుకూ దుకాణం ఘాటుకూ పోటీగా ఉండేది. గడీ నుంచి మిగిలిన రెండు పింగాణీ జాడీల్లో ఒకటి తొక్కుకు, రెండోది నాన్నకు. కొత్త సరుకు రాగానే అందులో పెట్రోలు పోసి ఒక రింగును నానబెట్టేవాడు, ఇంకోదాన్ని దూరంగా పెరట్లో కాగే ఇంజనాయిల్‌లో వేసేవాడు. మర్నాడు రెండూ ఇత్తడి పుల్లకు మునుపటిలాగే బిగుతుగా పడితేనే అమ్మకం. వేడికి తట్టుకునే రబ్బరు పెట్రోలులో ఉబ్బవచ్చు, పెట్రోలుకు లొంగనిది వేడికి పగలవచ్చు, నలుపు చూసి నమ్మొద్దనేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం, జాడీలో రింగు వేసిన గంటకే, ఆటో నడిపే యాదయ్య వచ్చాడు. వాళ్ల నాన్న మా గడీలో పనిచేసినవాడు. చెప్పులు బయట విడిచి, "దొరా, ట్యాంకి కింద పెట్రోల్ కారుతుంది. మీ చేత్తోని ఒక్క రింగియ్యిండ్రి" అన్నాడు. ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో, నాన్న కొత్త సరుకులోంచే ఒకటి తీసి ఇచ్చాడు.

పొద్దున చూస్తే జాడీలోని రింగు ఉబ్బి, మెత్తబడి, పుల్ల మీద వదులుగా జారింది. అది బ్రేకుల కోసం చేసిన రబ్బరు. యాదయ్య ఆటోలో రోజూ బడిపిల్లలు ఎక్కుతారు. ట్యాంకు పక్కనే కాలే ఇంజను. నాన్న, వేడినీ పెట్రోలునూ తట్టుకునే గోధుమరంగు ఫ్లోరో రబ్బరు రింగు, పానా జేబులో వేసుకుని, నా చెయ్యి పట్టుకుని ఎల్బీ నగర్ బస్సెక్కాడు.

ఆటో స్టాండులో యాదయ్య స్టార్ట్ చేయబోతున్నాడు. బండి కింద అప్పటికే తడి.

"ఆగు యాదయ్యా! పరీక్ష గాకముందే రింగిచ్చిన. తప్పు నాది" అని నాన్న అందరి ముందూ అరిచాడు.

"ఏందిరో, దొరలు గూడ తప్పు జేస్తరా?" అని ఎవడో డ్రైవరు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"గింత దానికి మీరెందుకొచ్చిన్రు దొరా? కబురంపితే నేనే ఒచ్చేటోన్ని గద" అన్నాడు యాదయ్య.

"కబురొచ్చేలోపల పిల్లలెక్కుతరు. ఇగ నన్ను దొరా అనకు. గా మాటకే నా చెయ్యి తొందరపడ్డది."

నాన్న రోడ్డు మీద మోకాళ్లూని, పెట్రోలు చుక్కలు గంజి చొక్కా మీద పడుతుండగా, తనే రింగు మార్చాడు.

మా దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ స్టాండు మెట్రో స్తంభాల కింద పోయింది. రింగులు ప్యాకెట్లలో వస్తున్నాయి, వాటి మీద అచ్చువేసిన మాటే పరీక్ష. మమ్మల్ని దొర అనేవాళ్లు లేరు. చాలా ఏళ్లు అదే నాకు బాధగా ఉండేది. ఇప్పుడైతే, ఏ కొట్టుకు వెళ్లినా, తానమ్మిన వస్తువు వెనకాల బస్సెక్కి పోయే మనిషి కోసం చూస్తాను. కనిపించడు.