ఆవిరి దీపం

తెల్లాపూర్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో, హాల్లో టీవీకి పైనున్న అరలో ఒక తెల్లటి డబ్బా ఉంటుంది. చూడ్డానికి చెంబు బోర్లించినట్టు ఉంటుంది, పైన చిన్న రంధ్రం. లోపల నీళ్ళు పోసి, వాసన నూనె రెండు చుక్కలు వేసి స్విచ్చి నొక్కితే ఆ రంధ్రంలోంచి ఆవిరి సన్నగా లేస్తుంది, అడుగున నీలం దీపం వెలుగుతుంది. డిఫ్యూజర్ అంటారు. మనవడు పుట్టాక దాన్ని అంత ఎత్తుకు ఎక్కించేశాం. పసిబిడ్డ తిరిగే ఇంట్లో అది వద్దని డాక్టరమ్మ చెప్పింది. వాడకపోయినా, నేను వెళ్ళినప్పుడల్లా కుర్చీ ఎక్కి దాని మీద దుమ్ము తుడుస్తాను. మా వియ్యపురాలు వెళ్ళినా అదే పని చేస్తుందట. అది పారేయడానికి మా ఇద్దరికీ మనసొప్పదు.

అమ్మాయికి నెల తప్పిందని తెలిసినప్పుడు నేను నంద్యాలలో ఉన్నాను. తొలి కాన్పు, పుట్టింటికి తెచ్చుకుందామని అనుకున్నాం. కానీ దానికి కారెక్కితే చాలు కడుపులో తిప్పుతుంది. అంత దూరం ఎలా తెస్తాం? ఉద్యోగం, చూపించుకునే ఆస్పత్రి అన్నీ అక్కడే. అందుకని నేనే జొన్నపిండి, పప్పుల పొడి, బొరుగులు సంచుల్లో కుక్కుకుని బస్సెక్కాను.

తలుపు తీసిన పిల్లను చూసి సంచులు గుమ్మంలోనే దించేశాను. మెడ కింద ఎముకలు తేలాయి. చిన్నప్పుడు పొయ్యి దగ్గర నిలబడి, పెనం మీదున్న రొట్టెను పెనం మీదే తుంచుకుని తిన్న పిల్ల అది. ఇప్పుడు అన్నం ఉడికే వాసన కూడా పడదట. ఫ్రిజ్ తలుపు తీస్తే లేచి బాత్రూంలోకి పరుగు. మొగుడు తలకు నూనె రాసుకుంటే అతన్ని పక్క గదిలో పడుకోమంది. డాక్టరమ్మ అప్పటికే చెప్పిందట, ఇంకా బరువు తగ్గితే ఆస్పత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించాల్సి వస్తుందని. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ఒకటే ధ్యాస. ఈ పిల్ల నాలుగు ముద్దలు తిని, అవి కడుపులో నిలబడాలి. మిగతావన్నీ తర్వాత.

తాలింపు మానేశాను. తెల్లారేసరికి వంట ముగించి, తలుపులు బిగించేదాన్ని. కానీ వాసన ఎక్కడికి పోతుంది? పక్కనే ఇంకో పెద్ద బిల్డింగు కడుతున్నారు. కిటికీ తీస్తే సిమెంటు దుమ్ము వచ్చి సోఫాల మీద కూర్చుంటుంది. అందుకని ఇల్లంతా ఎప్పుడూ మూసే ఉంచేవాళ్ళు. పొద్దున వండిన పప్పు వాసన సాయంత్రం దాకా మాతోనే కాపురం చేసేది.

ఇది చూసి మా అల్లుడు ఆ డబ్బా తెప్పించాడు. దాంతోపాటు చిన్న చిన్న గోధుమరంగు సీసాలు, నీలగిరి, లావెండర్, నిమ్మ, పుదీనా. వాడేది ఎట్లాగో అతనికీ సరిగ్గా తెలియదు, ఆఫీసు మీటింగుల మధ్యలో విప్పి బల్ల మీద పెట్టాడు. సరిగ్గా ఆ వారమే తణుకు నుంచి మా వియ్యపురాలు దిగింది. దిగిన రోజే ఆ డబ్బా ఆమె చేతిలోకి వెళ్ళింది.

మా వదిన గురించి చెప్పాలి. వియ్యపురాలే అయినా మేం వదినా అనే పిలుచుకుంటాం. మంచి మనిషి. ఒక్క క్షణం కుదురుగా కూర్చోదు. దేవుడి ముందు దీపం పెట్టందే కాఫీ తాగదు. ఆమె వంటలో ఇంగువ లేకుండా ఏదీ ఉండదు, నా వంటలో వెల్లుల్లి లేకుండా ఏదీ ఉండదు. పిల్ల కక్కినప్పుడల్లా ఆమె నా వెల్లుల్లి వంక చూసేది, నేను ఆమె ఇంగువ డబ్బా వంక చూసేదాన్ని. పైకి మాత్రం మర్యాదలకు లోటు లేదు.

ఆ డబ్బాను ఆమె దేవుడి అర పక్కన పెట్టింది. నూనె పోసేది, వెలుగు వచ్చేది కాబట్టి ఆమె లెక్కలో అది దీపమే. దీపానికి నూనె పిసినారితనంగా పోస్తే ఇంటికి మంచిది కాదు కదా. సీసా వంచి నిండుగా పోసేది. ఒకరోజు నీలగిరి, ఒకరోజు లావెండర్, శుక్రవారం అయితే రెండూ కలిపి. వెలిగాక ఆపడం కూడా లేదు. దీపాన్ని చేత్తో ఆర్పకూడదు, దానంతటది కొండెక్కాలి. ఆ మిషనుకు నీళ్ళు అయిపోతే అదే ఆగిపోతుంది. ఆగిందా, వెంటనే మళ్ళీ నీళ్ళు, మళ్ళీ నూనె.

మొదటి రోజు నాకూ బాగానే అనిపించింది. పప్పు వాసన పోయిందని సంబరపడ్డాను. మూడు నాలుగు రోజులకు నా కళ్ళే మండడం మొదలైంది. పిల్ల గది తలుపు వేసుకుని పడుకునేది, తలనొప్పి అనేది. వాంతులు ఎక్కువయ్యాయి. వేవిళ్ళు ముదిరాయని మేం అనుకున్నాం. పని చేయడానికి వచ్చే ఆమె ఒకరోజు గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందమ్మా, మీ ఇల్లు గిట్ల దవాఖాన లెక్క వాసనొస్తుంది?"

నీలగిరి నూనె, జలుబు రాకుండా ఉంటుందని మా వదిన చెప్పింది.

"జలుబు ఎవ్వరికి లేదు గదమ్మా" అని ఆమె చీపురు అందుకుంది.

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. వియ్యపురాలిని చూసి నవ్వితే అది తణుకు దాకా వెళ్తుంది. ఆ మిషను సంగతి నేనే ఎత్తుదామా అంటే, ఏమండీ వదినగారూ మా అబ్బాయి కొన్నది మీకు నచ్చలేదా అంటుందేమోనని వెనక్కి తగ్గాను.

ఆ వారం ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. మేమిద్దరం కూడా వెంట వెళ్ళాం. బరువు చూసే మిషను మీద పిల్ల నిలబడింది, నర్సు అంకె చదివింది, తగ్గింది. డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. ఇంకో పది రోజులు చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే చేర్చుకుంటానంది. తర్వాత, ఇంట్లో ఏ వాసన పడట్లేదని అడిగింది.

"ఇంగువ, మేడం" అన్నాను నేను.

"వెల్లుల్లండి" అంది మా వదిన.

ఇద్దరం ఒకేసారి అన్నాం. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, నేనడిగింది ఆ అమ్మాయిని అంది. మా పిల్ల తల దించుకుని గోళ్ళు చూసుకుంటోంది.

"అవి రెండూ కాదు మేడం. ఆ డిఫ్యూజర్. దినమంతా నడుస్తాంటుంది. తల తిరుగుతుంది, గొంతులో పట్టుకున్నట్టు ఉంటుంది" అంది. తల ఎత్తకుండానే, "అత్తయ్య ఇష్టంగా పెడతాంది, వద్దని ఎట్లా చెప్పేది?" అంది.

మా వదిన చేతిలో ఫైలు అట్లాగే ఉండిపోయింది.

ఎన్ని చుక్కలు వేస్తారని డాక్టరమ్మ అడిగింది. చుక్కలేంటండీ, ప్రమిదలో పోసినట్టు పోస్తాను అని చెప్పింది మా వదిన. డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ ముందుకు జరిపి, చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. ఆ సీసాలో ఉన్నది వంటనూనె లాంటిది కాదు, ఎన్నో ఆకులు, తొక్కల సారం ఒక్క చుక్కలో ఉంటుంది. గీత దాకా నీళ్ళు పోసి రెండు మూడు చుక్కలు వేస్తే చాలు. అరగంట నడిపి ఆపేయాలి. మూసిన ఇంట్లో కాదు, ఒక తలుపో కిటికీయో తీసి ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్ళకు, పసిపిల్లలకు, ఆయాసం ఉన్నవాళ్ళకు కొన్ని నూనెలు అస్సలు పడవు, అందుకే అడగకుండా వాడకూడదు. ప్రస్తుతానికి అన్నీ ఆపేసి ఇంట్లోకి గాలి రానివ్వండి. వాంతులు తగ్గాక, అమ్మాయికి కావాలనిపిస్తే, నన్నడిగి చూద్దురుగాని.

కారులో ఇంటికి బయల్దేరాం. ఖాజాగూడ బండల పక్కనుంచి వస్తుంటే పిల్ల అద్దం దించి ముఖం గాలికి పెట్టింది. నేను గెలిచినట్టే కదా, ఇంగువ మాట ఎలా ఉన్నా వెల్లుల్లి నిర్దోషి అని తేలింది. కానీ పక్కన కూర్చున్న మా వదిన చెంగు కొన మెలిపెడుతుంటే నాకు ఆ గెలుపు రుచించలేదు.

ఇంటికి రాగానే ఆమె వైరు పీకి, డబ్బాను కడగడానికి పట్టుకెళ్ళింది. అడుగున జిడ్డు పేరుకుని ఉంది. గుడ్డతో తుడిచి తుడిచి, ఆరబెట్టి, అట్టపెట్టెలో పెట్టి, అల్లుడి బీరువాలో తోసేసింది. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో అడుగు చప్పుడు కూడా కాకుండా తిరిగింది. కాఫీ కలుపుకోవడానికి కూడా నన్ను అడిగేది.

మేం తెల్లవారుజామున, పక్కన పని మొదలయ్యే ముందు కిటికీలన్నీ తీయడం అలవాటు చేసుకున్నాం. వంటింటి వెనక, గిన్నెలు తోముకునే యుటిలిటీలోకి కరెంటు పొయ్యి మార్చాను. వాంతులు తగ్గాయి, తలనొప్పి పోయింది. కానీ తిండి మీద మనసు మాత్రం రాలేదు. నోరు చచ్చిపోయింది మా, ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉంది అనేది. మజ్జిగ తాగేది, రెండు బిస్కెట్లు నమిలేది. డాక్టరమ్మ ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. ఏం చేసి పెట్టమంటావే అని అడిగీ అడిగీ నాకు విసుగొచ్చింది, దానికి ఏడుపొచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం అది హాల్లో దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మా వదిన ఒక మూల బట్టలు మడతలు పెడుతోంది. ఉన్నట్టుండి పిల్ల అడిగింది.

"అత్తయ్యా, ఆ నిమ్మకాయది రెండు చుక్కలు వేస్తారా?"

మా వదిన నా వంక చూసింది. నాకెందుకమ్మా ఆ పాపం అని ఆ చూపు. పిల్ల ఫోన్ ఎత్తి చూపించింది, పొద్దున్నే వాళ్ళాయన డాక్టరమ్మను అడిగాడట, నిమ్మ అయితే ఒకటి రెండు చుక్కలు, దూరంగా, కాసేపే అని ఆమె ఒప్పుకుందట. పిల్లకు నిజంగానే ఆ వాసన కావాలనిపించిందో, అత్త అలా మూగబోయి తిరగడం చూడలేక అడిగిందో నేను ఈ రోజుకీ అడగలేదు.

మా వదిన పెట్టె దించింది. దేవుడి అర పక్కన కాదు, వీధి తలుపు దగ్గర స్టూలు వేసి పెట్టింది. బాల్కనీ తలుపు నేను తీశాను. గీత దాకా నీళ్ళు పోసి, సీసా పట్టుకుంది చూడండి, చంటిపిల్ల నోట్లో పోలియో చుక్కలు వేస్తున్నంత జాగ్రత్త. ఒక చుక్క. ఇంకో చుక్క. మూత పెట్టి, గోడ గడియారం వంక చూసి, స్విచ్చి నొక్కింది.

వచ్చీరానట్టు వాసన వచ్చింది. పిల్ల కళ్ళు మూసుకుంది. ఇప్పుడు లేచి పరుగెత్తుతుందేమోనని నేను బాత్రూం తలుపు తీసి పెట్టాను. లేవలేదు. చాలాసేపటికి కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"మా, ఉగ్గాని దించినాంక నిమ్మకాయ పిండుతావే, అట్లుంది వాసన."

"చేయమంటావా?" అన్నాను.

"తాలింపు వద్దు."

తాలింపు లేని ఉగ్గాని మా వైపు ఎవరైనా చేస్తే నవ్వుతారు. ఆ రోజు నేను చేశాను. ఊరి నుంచి తెచ్చిన బొరుగులు నీళ్ళలో ముంచి పిండాను. పసుపు, ఉప్పు, పప్పుల పొడి కలిపాను. నూనె చుక్క లేదు, ఉల్లిపాయ ముక్క లేదు. మా వదిన వెనకాలే వచ్చి నిమ్మకాయ కోసి అందించింది. మరమరాలు ఇలా తడిపేస్తారాండీ, మేం పిడత కింద పప్పులా పొడిగానే తింటాం అంది. మాట్లాడింది! వారం తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి పెద్ద మాట అది. తిని చూడు వదినా, తణుకు మర్చిపోతావు అన్నాను.

పిల్ల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కొంచెం కొంచెం తింది. మేమిద్దరం దాని నోటి వంక చూడకూడదని గోడ వంకా, ఫ్యాన్ వంకా చూస్తూ కూర్చున్నాం. పళ్ళెం ఖాళీ అయింది. కాసేపు చూశాం. బాత్రూం వైపు పరుగు లేదు.

మా వదిన గడియారం చూసింది, లేచి వెళ్ళి స్విచ్చి ఆపింది. నీలం వెలుగు పోయింది.

"అరగంటైందండీ" అంది.

"దీపం ఆర్పినావే వదినా" అన్నాను నేను.

"దీపం అదిగోనండీ, దేవుడి దగ్గరుంది. ఇది మిషను" అంది, చాలా రోజుల తర్వాత నవ్వుతూ. నవ్వుతూనే కోడలి వైపు తిరిగి, "అమ్మాయీ, ఇంకొంచెం పెట్టనా?" అని అడిగింది.

పిల్ల పళ్ళెం ముందుకు చాపింది.