సుభానీ ఎత్తిన దూలం

పల్నాడు విడిగా జిల్లా అయిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను డెప్యుటేషన్ మీద గురజాల పంపారు. అక్కడొక పాత కచేరీ భవనం ఉంది. గోడలు రాయీ సున్నమూ, బరువు మోసేదంతా టేకు. వసారా స్తంభాల కాళ్ళకు చెద పట్టింది, లోపలి హాలు దూలం ఒకవైపు కుంగింది. భవనాన్ని కూల్చకుండా బాగుచెయ్యాలి, ఆ పని చేస్తూనే ఐటీఐలో వడ్రంగం పూర్తిచేసిన కుర్రాళ్ళకు పాత కట్టడాల మరమ్మతు నేర్పాలి. ఇదీ ఆర్డరు. నేను డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్ని. నా కింద అసిస్టెంటుగా వచ్చినవాడు సుభానీ.

వాణ్ణి చూస్తే నాకు కడుపుమంట. దాచుకోవడం దేనికి? నాకంటే జూనియర్, ఒకప్పుడు నా దగ్గరే ఉలి పట్టడం నేర్చుకున్నవాడు. అయినా కుర్రాళ్ళు నన్ను చూస్తే "సార్" అని లేచి నిలబడేవాళ్ళు, వాణ్ణి చూస్తే "బాబాయ్" అని చుట్టూ మూగేవాళ్ళు. నేను అతుకు గురించి బోర్డు మీద గీసి చెబితే ఆవలింతలు. అదే అతుకును వాడు రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి చూపిస్తే నవ్వులూ, ప్రశ్నలూ. పైగా గొప్పలు. "మాచర్ల నించి ఎడ్లపాడు దాకా నా ఉలి ఎరగని గుమ్మం లేదురా" అనేవాడు. గొప్పలు చెప్పుకునేవాడు పనిలో తేలిపోవాలి కదా. వీడు తేలిపోయేవాడు కాదు.

పనిని పర్యవేక్షించే ఇంజనీరు మేడమ్ వసారాను రెండుగా పంచారు. ఎడమ వరుస స్తంభాలు నావి, కుడి వరుస వాడివి. తనిఖీలో ఎవరి వరుస మెప్పిస్తే హాలు దూలం పని వాళ్ళ చేతికి ఇస్తానన్నారు. నేను సర్వీసంతా బెంచీలూ కిటికీ చట్రాలూ చేయడం నేర్పినవాణ్ణి. అంతటి పాత దూలాన్ని దించి, పుచ్చు కోసి, అతికి, మళ్ళీ పైకెక్కించే అవకాశం నాకు ఒక్కసారి కూడా రాలేదు. రిటైర్మెంటు దగ్గరపడింది. వాడికింకా సర్వీసుంది, వేరే దూలాలు దొరుకుతాయి. ఇది నాకు దక్కాలి.

స్తంభం కాలు మార్చడం ఇలా ఉంటుంది. ముందు పైబరువును జాకీలకు అప్పగిస్తాం. పుచ్చిన మేర కోసేసి, గట్టిగా ఉన్న పాత కర్రకు కొత్త టేకు ముక్కను ఏటవాలుగా అతికి, మేకు వాడకుండా కొయ్య చీలలు దిగ్గొడతాం. ఇందులో తప్పరాని నియమం ఒకటుంది. చెట్టు నేల మీద ఎలా నిలబడిందో, కర్ర కూడా స్తంభంలో అలాగే నిలబడాలి, మొదలు కిందికి, కొస పైకి. తలకిందులైతే కర్ర చెమ్మ పీలుస్తుందని పెద్ద వడ్రంగులు అనేవాళ్ళు. అందులో నిజమెంతో నాకు తెలియదు గానీ, పాత భవనంలో పాత పద్ధతే చట్టం. అందుకని ప్రతి ముక్కకూ మొదలు వైపు ఎర్రమట్టి జాజుతో బొట్టు పెట్టి ఉంచాం.

ఒక రాత్రి వానకు టార్పాలిన్ లేచిపోయి బొట్లన్నీ చెరిగిపోయాయి. మళ్ళీ చూసి పెట్టుకున్నాం గానీ, తనిఖీ ముంచుకొస్తోందని ఇద్దరం తొందరపడ్డాం.

వాడి వరుస మీద నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుని తిరిగేవాణ్ణి. కుర్రాళ్ళు టీకి వెళ్ళినప్పుడు ఒక్కో అతుకూ వేలితో తడిమి చూసేవాణ్ణి. అలా చూస్తుండగా చివరి స్తంభం దగ్గర దొరికింది. కోసిన టేకు మీద గీతలు గోపురాల్లా కనిపిస్తాయి, వాటి కొన చెట్టు కొస వైపుకి ఉంటుంది. ఆ ముక్క మీద గోపురాలన్నీ కిందికి చూస్తున్నాయి. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తనిఖీ రోజున మేడమ్ ముందే ఆ సంగతి చెప్పాను. చెప్పడం నా డ్యూటీ, తప్పని ఇప్పటికీ అనుకోను. సుభానీ వంగి చూసి, "నిజమే మేడమ్, తలకిందులైంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"కోటన్నా, నీ వరుసలో గుమ్మం పక్కది గూడా అంతే గదా? నువ్వే చెప్తావని చూస్తన్నా."

వెళ్ళి చూస్తే అంతే. నా పని మీద నీకెందుకురా కన్ను అని అడిగాను.

"నీది చూడకపోతే ఇంకెవరిది చూస్తానన్నా? నీ అతుకులో కాయితం గూడా దూరదు. చూసినప్పుడల్లా చానా మంటగా ఉంటది నాకు" అన్నాడు, అందరి ముందూ.

ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు దక్కిన మెప్పుల్లో ఇంత తియ్యనిది లేదు. ఆ తీపి సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ఇద్దరినీ తప్పు సరిచెయ్యమన్నారు మేడమ్. నేను కుర్రాళ్ళను అవతలికి పంపేసి, నా చేత్తోనే ముక్క మార్చి, ముందుకంటే సన్నంగా అతుకు కూర్చాను. సుభానీ మాత్రం నా బ్యాచ్‌తో సహా అందరినీ పిలిచాడు. "రాండ్రా, మీ బాబాయ్ చెట్టుకు శీర్షాసనం ఎట్టా ఏయించాడో చూద్దురుగాని" అంటూ చీలలు ఊడగొట్టి, గోపురాలు చూపించి, తప్పు ఎక్కడ పడిందో విడమరిచి, మార్చే పని వాళ్ళ చేతే చేయించాడు. మేడమ్ నిలబడి చూశారు. ఇది మరమ్మతు ఒక్కటే కాదు, శిక్షణ కూడా అని ఒకే మాట అని, దూలం వాడికి ఇచ్చారు.

అతుకు నాదే సన్నం, దూలం మాత్రం వాడిది. ఎత్తిన రోజు నేను జాకీ దగ్గర ఉన్నాను. హోదాలో పెద్దవాణ్ణి, వాడు "తిప్పన్నా" అంటే తిప్పాను, "ఆపన్నా" అంటే ఆపాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ శిక్షణలోనైనా ఒకే పద్ధతి పెట్టాను. ఒకరి పనిని తనిఖీ చెయ్యడానికి వాళ్ళ స్నేహితుణ్ణి పంపను, వాళ్ళంటే గిట్టనివాణ్ణే పంపుతాను. బాగుందని చెప్పడానికి ఎవరైనా సరిపోతారు. తప్పు పట్టాలంటే అది దొరకాలని కోరుకునే కన్ను కావాలి.

ఇప్పటికీ గురజాల మీదుగా వెళ్తే ఆ హాల్లోకి వెళ్ళి, టార్చి వేసి దూలం అతుకు చూస్తాను. ఇంతవరకూ ఏమీ దొరకలేదు.