రేకు పెట్టెలో నీలిగళ్ల చొక్కా

భద్రాచలంలో గోదావరి పొంగితే ముందు మునిగే ఇళ్ల వరుసలో గంగక్క ఇల్లు ఉండేది. రెండు గదులు, ముందు రేకుల వసారా. ఆమె దగ్గరే ఉండే కళావతి ఆ వసారాలోనే కూర్చుని అడ్డాకుల విస్తర్లు కుట్టేది. వరద వస్తోందని మైకులో చెప్పగానే వాడలో అందరూ బియ్యం మూటలు ఎత్తుకుంటే, గంగక్క మాత్రం ఒక రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని కరకట్ట ఎక్కేది. అందులో బంగారం ఉందని చుట్టుపక్కల వాళ్లకు గట్టి అనుమానం. నిజానికి అందులో ఉన్నవన్నీ పాత చొక్కాలు.

ఆ ఇంటికి చేరిన ఆడపిల్లలంతా మగపిల్లలుగా పుట్టినవాళ్లే. ఇంట్లో తన్ని తరిమేస్తే కొందరు, బతకలేక పారిపోయి కొందరు, ఒంటి మీద ఒక మగ చొక్కాతో వచ్చి ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్లే. గంగక్క వాళ్లకు చీర ఇచ్చేది. విప్పిన చొక్కాను ఉతికి, మడతపెట్టి, పెట్టెలో దాచేది. తగలబెట్టేయక ఎందుకక్కా అంటే కసురుకునేది.

"రేపు మీ అమ్మ సచ్చిపోయిందని కబురొస్తే ఏం తొడుక్కొని పోతవే? చీరల పోతే గడప తొక్కనిస్తరా?"

కళావతి వచ్చిన ఆరేళ్లలో ఆ పెట్టెలోంచి చాలా చొక్కాలు ఊళ్లకు వెళ్లి వచ్చాయి. తొడుక్కుని వెళ్లిన పిల్ల సాయంత్రానికి కళ్లు వాచి తిరిగొచ్చేది. చొక్కా మళ్లీ ఉతుక్కుని పెట్టెలోకి చేరేది.

కళావతిది నీలిగళ్ల చొక్కా. ఊరు ఇల్లందు, తండ్రి బొగ్గుబాయి కార్మికుడు. తల్లి ఆమె ఇంటర్ చదువుతుండగానే పోయింది. తండ్రి చెయ్యి చేసుకున్న రోజు బస్సెక్కి వచ్చేసింది, అంతే, మళ్లీ వెళ్లలేదు. ఆ ఊరితో ఆమెకు మిగిలిన బంధం ఒక్క మేనమామ బిక్షపతి. చిన్నప్పుడు జాతరలో గాజుల కోసం ఏడిస్తే, జనం నవ్వుతున్నా లెక్కచేయకుండా రెండు డజన్లు కొని రెండు చేతులకూ తొడిగించిన మనిషి. అప్పుడు ఆమెకు ఐదేళ్లు. ఇరవై ఆరేళ్లు వచ్చినా ఆ గాజుల సంగతి చెప్పకుండా ఆమెకు ఒక పండగ గడవదు.

ఒళ్లు ఆడదానిలా మారే మందులు మొదలుపెట్టాలన్నది కళావతి కోరిక. రోజూ పొద్దున్నే అద్దంలో గడ్డం గీసుకోవడమంటే ఆమెకు నరకం. ఒకసారి ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో, పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లు వేసుకునే గోలీలు నాలుగు అట్టలు కొనుక్కొచ్చింది. గంగక్క అవి చూసి ముందు చెప్పు తీసింది, తర్వాత ఏడ్చింది.

ఎందుకంటే ఒకప్పుడు తానూ ఆ పనే చేసింది. గంగక్క కాలంలో ఆ వాడలో డాక్టరు దగ్గరికి వెళ్లడమన్న మాటే లేదు. ఒకరు చెప్తే ఒకరు ఆ గోలీలే మింగేవాళ్లు, రోజుకు ఒకటి చాలదని గుప్పెడు. ఎంత ఎక్కువ మింగితే అంత తొందరగా ఆడతనం వస్తుందని వాళ్ల లెక్క. అడిగితే చెప్పేవాళ్లు లేరు, చెప్పగలిగినవాళ్లు వాళ్లను దగ్గరికి రానివ్వలేదు. పన్నెండేళ్లు అలా మింగాక గంగక్కకు ఎడమ కాలు వాచింది. రక్తం గడ్డకట్టిందన్నారు. అప్పటి నుంచి ఆ కాలు ఈడ్చుకుంటూనే తిరిగేది.

"నేను ఎట్లనో గట్లయిపోయిన. నువ్వు కాగితాల మీద కావాలె," అంది కళావతితో. "డాక్టరమ్మ సూసి, రక్తం సూసి, గప్పుడు మింగు."

ఇంట్లో ఉండే సునందను తోడిచ్చి ఖమ్మం పంపింది. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు. మనసు డాక్టరు మాట్లాడాడు, రక్తం తీశారు, గుండె చూశారు. డాక్టరమ్మ మంచిది, "అమ్మా" అనే పిలిచింది. ఈ మందులు వాడితే ముందు ముందు పిల్లలు కలగకపోవచ్చు, ఆలోచించుకున్నావా అని అడిగింది. ఆ ప్రశ్న తనను ఎవరో ఒకరు ఎప్పుడో అడుగుతారని కళావతికి తెలుసు. కాగితం ఇంకోసారి చదువుకుని సంతకం పెట్టింది. వెంట వచ్చినవాళ్ల పేరు, బంధుత్వం రాయమంటే సునంద తన పేరు రాసి, పక్కన "అక్క" అని రాసింది.

గోలీలు చేతికొచ్చాక గంగక్క ఒక పట్టుపట్టింది. ఆడపిల్ల పెద్దమనిషైతే ఫంక్షన్ చేస్తారు కదా, మా పిల్లకూ చేయాల్సిందేనంది. పచ్చాకుల గుడిసె వేయాలి, నువ్వుల ముద్దలు చేయాలి, మేనమామ వచ్చి చాప పరిచి దాని మీద కూర్చోబెట్టాలి. అదీ అయ్యాకే మొదటి గోలీ.

మేనమామ అనేసరికి కళావతి ఫోను పట్టుకుంది.

"మామా, నేను."

"చెప్పు," అన్నాడు బిక్షపతి.

"మంగళవారం నుంచి మందులేసుకుంటున్న. గంగక్క ఫంక్షన్ చేస్తనంటుంది. చాప నువ్వే వెయ్యాలె మామా."

"గిదేం ఫంక్షన్‌రా…" అని ఆగిపోయాడు. "మీ నాయినకు తెలిస్తే నా మొకం సూడడు."

"ఎవ్వలకు చెప్ప. పది నిమిషాలు కూసొని పో."

"సరే, సూస్తలే బిడ్డా."

ఆ 'బిడ్డా' అన్న మాట పట్టుకుని కళావతి ఐదు రోజులు నేల మీద నడవలేదు. సునంద ఎగతాళి చేసింది, చేస్తే చేసిందిలే అనుకుంది.

మంగళవారం పొద్దున్నే వసారాలో అడ్డాకులతో గుడిసె కట్టారు. కళావతికి పసుపు రాసి, తలంటి, కొత్త చీర కట్టారు. సునంద బస్టాండులో నిలబడింది. కొత్తగూడెం మీదుగా వచ్చే బస్సులు మూడు వచ్చాయి, మూడింటిలోనూ బిక్షపతి దిగలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. మధ్యాహ్నమైంది. హారతి పళ్లెంలో పూలు వాడిపోయాయి.

"అక్కా, ఇగ వద్దు," అంది కళావతి. "గోలీ ఇయ్యి, ఏసుకుంట. నాకు ఫంక్షన్ వద్దు, ఏం వద్దు."

గంగక్క కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. కాసేపటికి బయటికొచ్చిన మనిషిని చూసి వసారాలో అందరూ లేచి నిలబడ్డారు.

కళావతి నీలిగళ్ల చొక్కా తొడుక్కుంది గంగక్క. చీరను విప్పి తెల్ల లుంగీ చుట్టుకుంది. జుట్టంతా తువ్వాల తలపాగాలో దోపింది. బజారులో "ఏరా" అన్నందుకు ఒక షావుకారు చెంప పగలగొట్టిన మనిషి. నలభై ఏళ్లుగా ఒంటికి మగ గుడ్డ తగలనివ్వని మనిషి. తల్లి చచ్చిపోతే, చొక్కా వేసుకుంటేనే రమ్మన్నారని, వేసుకోలేక ఊరి బయటే ఏడ్చి తిరిగొచ్చిన మనిషి. అందరి చొక్కాలూ దాచింది గానీ, తన కోసం ఒక్కటీ దాచుకోలేదు.

"ఏంది గట్ల సూస్తున్నరు?" అంది. "మేనమామ వచ్చిండు. మంచినీళ్లియ్యరా?"

సునంద పరుగున వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. గంగక్క కాళ్లు కడుక్కుని, గుడిసెలో చాప పరిచి, కళావతి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఒడిలో బియ్యం పోసి, కొబ్బరికాయ పెట్టింది. నోట్లో నువ్వుల ముద్ద పెట్టి, అరచేతిలో గోలీ పెట్టింది. కళావతి తలెత్తి చూసింది.

"మామా…" అంది.

"ఇయ్యాల ఒక్క పూటే. రేపటి సంది మామా అంటే చెప్పుతో కొడత."

అందరూ నవ్వారు. కళావతి గోలీ మింగింది. హారతి పాట అయ్యాక లోపలికి వెళ్లిన గంగక్క ఎంతకీ రాకపోతే కళావతి తొంగి చూసింది. చొక్కా విప్పి ఒళ్లో పెట్టుకుని, మంచం మీద కూర్చుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది. కళావతి వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

"నేను పోతే మా తమ్ముడు వచ్చి తీస్కపోతడు," అంది గంగక్క. "తీస్కపోనీ. మా అమ్మ పక్కన పండాలని నాకూ ఉంది. కాని పంచె కట్టనియ్యకే. నన్ను చీరలనే పంపుర్రి. మాటియ్యి."

కళావతి ఆమె చేతిలో చెయ్యి వేసింది.

నాలుగు నెలలు గడిచాయి. కళావతి చర్మం నున్నబడింది, రొమ్ములో గడ్డల్లా వచ్చి, చెయ్యి తగిలితే ప్రాణం పోయేంత నొప్పి. చీటికీ మాటికీ ఏడుపు. నెల నెలా ఖమ్మం వెళ్లి రక్తం చూపించుకుంటోంది. గంగక్క రోజూ పొద్దున్నే ఆమె చెంప నిమిరి చూసేది, తనకు దక్కనిది అక్కడ దొరుకుతున్నట్టు. "వస్తుందే, వస్తుందే," అని మురిసిపోయేది.

ఒక ఉదయం కరకట్ట మెట్లెక్కుతూ గంగక్క ఊపిరందక కూలబడింది. ఆటోలో దవాఖానాకు చేరేలోపే అయిపోయింది. కాలిలో గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందన్నారు. ఎప్పుడో ఆపేసిన గోలీలు, అవే చంపాయో ఇంకేమో ఎవరూ తేల్చి చెప్పలేదు. కళావతికి మాత్రం అవేననిపించింది. తన బ్యాగులో ఉన్న కాగితాలు, రక్త పరీక్షలు, ఇవన్నీ ఒక్క ఇరవై ఏళ్లు ముందు వచ్చి ఉంటే అని గోడకు తల కొట్టుకుని ఏడ్చింది.

మధ్యాహ్నానికి ట్రాలీ ఆటోలో తమ్ముడు పోతయ్య వచ్చాడు. వాళ్లది దుమ్ముగూడెం దాటాక అడవి పక్క ఊరు. వెంట ఇద్దరే మనుషులు. ఇంకెవరూ రామన్నారట. అతని చేతిలో కొత్త పంచె, కొత్త చొక్కా. చెడ్డవాడేం కాదు, అక్కడ పడిపోయి "అన్నా, అన్నా" అని గుండెలు బాదుకున్నాడు. తర్వాత లేచి కళ్లు తుడుచుకుని పంచె మడత విప్పాడు.

కళావతి శవానికి అడ్డంగా నిలబడింది.

"చీరలనే పంపాలె. మాట తీస్కున్నది."

"ఊరంత సూస్తరమ్మా," అన్నాడు పోతయ్య. "మా ఇండ్లల్ల పెండ్లి కావాల్సిన పిల్లలున్నరు. అమ్మ పక్కన గుంత తీయనిచ్చిండ్రంటేనే మా అదృష్టం. మీరెవ్వరు రాకుర్రి, దండం పెడత. ఇంక పాడె మొయ్యనీకే నాలుగో మనిషి లేడు నాకు."

ఆ చివరి మాట కళావతి చెవిన పడింది. పెట్టె దగ్గరికి వెళ్లి మూత తీసింది. చేతిలో నీలిగళ్ల చొక్కాతో వచ్చింది.

"నాలుగో మనిషి కావాలె కదా. నేనొస్త. చొక్కా నేను తొడుక్కుంట. అక్కకు చీర ఉంచు. పైన తెల్లగుడ్డ కప్పుదం, ఎవ్వలకు కనపడదు."

పోతయ్య పంచె మడిచి ఆటోలో పెట్టాడు.

సునందా, మిగిలినవాళ్లూ గంగక్కకు పసుపు రాసి, ఆకుపచ్చ పట్టుచీర కట్టి, గాజులు తొడిగారు. కళావతి లోపల గదిలో చీర విప్పి, జుట్టు ముడిచి టోపీలోకి దోపింది. ఆరేళ్ల కింద వదులుగా ఉన్న చొక్కా ఇప్పుడు రొమ్ము దగ్గర బిగిసింది. బొత్తాలు పెడుతుంటే నొప్పికి కళ్లు తిరిగాయి. ఆటో కదిలాక కరకట్ట మీద నిలబడిపోయినవాళ్ల ఏడుపు మలుపు దాకా వినిపించింది.

ఊరి దగ్గర దింపి పాడె ఎత్తారు. వెదురు బొంగు భుజం మీద, చొక్కా అంచు రొమ్ము మీద, అడుగడుక్కీ ఒత్తుకుంటున్నాయి. "ఎవలీ పిలగాడు?" అని ఎవరో అడిగారు. "అన్న దగ్గర పని నేర్చుకున్నడు," అన్నాడు పోతయ్య. "మంచోడు, ఇంత దూరం మోసిండు," అన్నారు. దారి పొడుగునా తమ్మీ అన్నారు, బాబూ అన్నారు. కళావతి అన్నిటికీ తలూపింది. ఆరేళ్లుగా ఆ మాటలు అన్నందుకే ఎందరితోనో కొట్లాడింది.

గుంతలోకి దించేటప్పుడు తెల్లగుడ్డ ఒక మూల జారి, ఆకుపచ్చ అంచు కనబడింది. పోతయ్య వంగి గబగబా సర్దాడు. సర్దుతూ ఆ అంచును ఒకసారి వేళ్లతో నిమిరాడు. అక్కడున్న ముసలాయన అది చూశాడో లేదో తెలియలేదు.

"ఎవలకు ఏమైతడో ఆ వరస పెట్టి పిలిచి మన్నెయ్యుర్రి," అన్నాడు ముసలాయన.

పోతయ్య "అన్నా" అని పిలిచి పిడికెడు మట్టి వేశాడు. వెంట వచ్చిన ఇద్దరూ వేశారు. ముసలాయన కళావతి వైపు తిరిగాడు. "నువ్వు గూడ ఎయ్యి తమ్మీ. నీకేమైతడు?"

అక్కా అని పిలవడానికి లేదు. అమ్మా అనడానికి అంతకంటే లేదు. పిలిస్తే ఆ చీర గుంతలో నుంచి బయటికి వస్తుంది. కళావతి వంగి పిడికెడు మట్టి తీసుకుంది. ఒంటి మీద అదే చొక్కా.

"మామా," అని పిలిచి మట్టి వేసింది.

వేసి, ఆ రోజు గంగక్క అన్న మాట గుర్తొచ్చి ఆగింది. చెప్పుతో కొట్టడానికి గంగక్క లేవలేదు.