మాస్టారి చర్చి స్లైడ్

మంగళవారం పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. "మీ మాస్టారు పోయారమ్మా, నిద్రలోనే" అన్నారు ఆయన భార్య. "సరే ఆంటీ" అన్నాను. మామూలుగానే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి సాయంత్రందాకా పని చేశాను. ఇప్పటికీ ఏడుపు రాలేదు.

మాస్టారు అమెరికాలో, పిస్కాటవేలోని మా యూనివర్సిటీలో మధ్యయుగపు యూరప్ చరిత్ర చెప్పేవారు. తెనాలి యాసలో ఫ్రాన్సు కోటల గురించి అమెరికా పిల్లలకు చెబుతుంటే మేం ఇంజనీరింగ్ వాళ్ళం నవ్వుకునేవాళ్ళం. డెబ్బై తొమ్మిదిలో నేనే ఆయన దగ్గర పార్ట్‌టైమ్‌గా చేరాను. అట్ట చట్రంలో బిగించిన ఫొటో ఫిల్మ్ స్లైడ్‌ల మీద పేర్లు రాయడం, ప్రొజెక్టర్‌లో తిరగేసి పెడితే ఎడమ కుడైపోతుంది కాబట్టి సరైన వైపున ఎర్రచుక్క అంటించడం నా పని. "రాజులు అబద్ధాలు రాయిస్తారమ్మా. రాళ్ళనడుగు" అనేవారు, ఫ్లాస్కులోని మజ్జిగ నాకూ పోస్తూ.

ఆయనకిష్టమైన స్లైడ్ ఓ ఫ్రెంచి పల్లెలోని చర్చిది. చర్చికి ఎదురుగా నిలబడితే ఎడమన కోట, కుడిన ఊరు. అవి ఫొటోలో పడలేదు. గంటల గోపురం ఎడమవైపు కనిపించేది కాబట్టి, దాన్ని కోటలోని దొరే కట్టించాడని ఏటా చెప్పేవారు.

యూరప్ వెళ్ళింది మాత్రం రిటైరయ్యాకే. ఆ ఊరినుంచి నాకో పోస్ట్‌కార్డ్ వచ్చింది. "గోపురం ఊరివైపుందమ్మా. ఇన్నేళ్ళూ స్లైడ్ తిరగేసి చూపించాను. ఊరివాళ్ళ కష్టం దొరకు ఇచ్చేశాను. తప్పు నాది." అడ్రస్ దొరికిన ప్రతి విద్యార్థికీ అలాగే రాశారట.

ఆ స్లైడ్ మీద తప్పు వైపున చుక్క అంటించింది నేను. చదవగానే తెలిసింది. ఫోన్ చేసి చెబుదామనుకుంటూనే రెండేళ్ళు గడిపేశాను. మధ్యలో వాళ్ళింట్లో భోంచేశాను కూడా. పప్పు బాగుందన్నాను, ఆ మాట అనలేదు. సిగ్గేసింది, అంతే.

పదోరోజున వెళ్తే ఆంటీ ఆ స్లైడ్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నీకిమ్మన్నారు."

"ఇంకేమైనా అన్నారా ఆంటీ?"

"చుక్క నీదేనని ఆయనకి తెలుసమ్మా. 'తనే చెప్తుందిలే, అడగొద్దు' అన్నారు. నువ్వొచ్చినప్పుడల్లా ఎదురుచూసేవారు."

ఏమీ అనిపించలేదు. స్లైడ్‌ని కిటికీకేసి పట్టుకున్నాను. నా చుక్కను ఆయన పీకలేదు. అట్ట రెండో వైపున, కొంచెం వంకరగా, తన చుక్క అంటించుకున్నారు. ఆ వైపుకు తిప్పితే గోపురం కుడివైపుకొచ్చింది, ఊరివైపుకి.