మసీదు వాకిట్లో నా బిడ్డ

హిందూపురంలో ఒక సోడాబుడ్డి పగిలిందట. ఎవరి బండి ఎవరికి తగిలిందో, ముందు ఎవరు నోరు పారేసుకున్నారో, అసలు సంగతి నాకు ఈనాటికీ తెలీదు. ఆ మాట బస్సెక్కి పెనుకొండ చేరేసరికి పది బుడ్లయింది. ధర్మవరంలో మా వీధికి వచ్చేసరికి బుడ్లు పోయి తలలయ్యాయి. అవి తొంభైల నడిమి సంవత్సరాలు. మా ఇళ్ళలో ఫోన్లు లేవు. అడిగి తెలుసుకోవడం కన్నా నమ్మడమే సులువు కాబట్టి అందరూ నమ్మేశారు.

మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మా ఆయన మగ్గం గుంతలో దిగే వేళకు నేను పెనుకొండ బస్సెక్కేదాన్ని. అక్కడ చర్చి వాళ్ళు నడిపే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం. దాన్ని చూసుకునేది ఒక సిస్టరు. ఊరూరా తిరిగి అన్ని మతాలవాళ్ళనూ, కులాలవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టడం మా పని. సోమందేపల్లి పక్క ఒక పల్లెలో, హోటలు బయట ఎండలో నిలబడి టీ తాగే మనుషులు లోపల బెంచీ మీద కూర్చునేదాకా నెలల తరబడి తిరిగాం. సమావేశాల్లో బాగా మాట్లాడతానని నాకు పేరు. మాట్లాడటానికేం, అక్కడ టీ ఉంటుంది, బిస్కెట్లుంటాయి, భయం ఉండదు.

మా వీధి మలుపు తిరిగితే మసీదు. రోజూ సాయంత్రం నమాజు వేళకు మా మగ్గాల వీధి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఆ వాకిలి ముందు నిలబడేవాళ్ళు. నమాజు ముగించుకుని బయటికొచ్చే మనుషులు ఏదో చదువుకుంటూ వంగి, పిల్లల ముఖం మీద ఊది పోయేవాళ్ళు. దడుసుకున్న బిడ్డకూ, రాత్రంతా ఏడ్చే బిడ్డకూ మా వీధిలో అదే మందు. మా ఆయన్నూ చిన్నప్పుడు అలాగే ఎత్తుకెళ్ళారట. ఇది వైద్యమా, మతమా అని ఎవరూ తర్కించలేదు.

సోడాబుడ్డి వార్త వచ్చిన మర్నాడు, నమాజుకు పోతున్న పంచరు షాపతన్ని మలుపులో కొట్టారు. కొట్టింది మా వీధి కుర్రాళ్ళే. అప్పటి నుంచి వాళ్ళు కట్టెలు పట్టుకుని అక్కడే కూర్చున్నారు. మసీదు వాకిట్లో ఒక్క తల్లీ కనపడలేదు. లోపలివాళ్ళు ముందు నుంచి రావడానికి భయపడి, వెనక గోడ దూకే నమాజుకు వచ్చి, దూకే ఇళ్ళకు పోసాగారు. దొంగచాటుగా గోడ దూకుతున్నారంటే లోపల రాళ్ళు పోగేస్తున్నట్టేనని కుర్రాళ్ళు తేల్చేశారు. కొన్ని రోజులకు ఒక పొద్దున, ఈ సాయంత్రం గోడ కిందే కాపు కాస్తామని వాళ్ళు అనుకోవడం మా ఆయన చెవిన పడింది.

ఆ మధ్యాహ్నం సిస్టరు మా ఇంటికొచ్చింది, చంకలో శాంతి అని రాసిన తెల్లగుడ్డ బ్యానరు పెట్టుకుని. పోలీసులకు చెప్పి వచ్చానంది. వాళ్ళు ఒక కానిస్టేబులును పంపారు. అతను మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూనే ఉన్నాడు. మాకన్నా అతనికే ఎక్కువ భయంగా ఉన్నట్టుంది.

ఆ గోల ఏదీ పట్టనిది మా ఆయన వాళ్ళ అవ్వ ఒక్కతే. నా కూతురికి అప్పటికింకా ఏడాది నిండలేదు. రాత్రిళ్ళు ఒకటే ఏడుపు. "ఈ ముండాకొడుకుల పాడుగాను, బిడ్డకు ఊదిపిచ్చక ఎన్ని దినాలాయ! బిడ్డకు నిద్దర్లేదు, నాకు నిద్దర్లేదు," అని అవ్వ పొద్దున్నుంచీ తిడుతూనే ఉంది.

ఆ తిట్లు వింటుంటే నాకు తట్టింది. బిడ్డను ఎత్తుకుని వాకిట్లో నిలబడితే ఊదడానికైనా వాళ్ళు ముందు నుంచే రావాలి. గోడ దూకే పని ఉండదు. మా వీధి బిడ్డ ఎదురుగా ఉంటే కుర్రాళ్ళు కట్టె ఎత్తరు.

ఆ మాట పైకి అనేశాను.

"పసిబిడ్డ వద్దమ్మా," అంది సిస్టరు. "ఏమన్నా అయితే దేవుడికి నేనేం చెప్పుకోను?"

మా ఆయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. "నువ్వు పో. బిడ్డను ఈడ పెట్టి పో," అన్నాడు.

"బిడ్డ లేకుండా పోయి ఎవురికి ఊదిపిస్తాదిరా? దాని మొగానికా?" అంది అవ్వ, చెప్పులు తొడుక్కుంటూ. ఎవరికీ నవ్వు రాలేదు.

సిస్టరును అరుగు మీదే వదిలి, బిడ్డతో నేనూ అవ్వా బయలుదేరాం. మలుపు దాకా నడవడానికి ఎంతసేపు? కానీ ఆ రోజు ఒక్కో గడపా లెక్కపెట్టుకుంటూ నడిచాను. బిడ్డను ఎంత గట్టిగా అదుముకున్నానో, అది నొప్పికి ఏడవడం మొదలుపెట్టింది. గోడ కిందికి పోయినవాళ్ళు పోగా, మలుపులో మిగిలిన కుర్రాళ్ళు లేచి అడ్డంగా నిలబడ్డారు. నా పెళ్ళిలో వడ్డించిన పిల్లలు వాళ్ళు.

"యాడికి పోతాండావు వదినా?"

అవ్వే చెప్పింది. "మసీదు కాడికి. బిడ్డకు ఊదిపిచ్చల్ల."

"ఈ పొద్దు వద్దులే అవ్వా. ఇంటికి పోండి."

"రేత్రంతా ఏడిస్తే నువ్వొచ్చి ఎత్తుకుంటావా? జరుగు."

జరిగారు. వాళ్ళను దాటాక వీపు జలదరించింది. వెనక్కి తిరిగి చూడకూడదని పళ్ళు బిగబట్టి నడిచాను.

మసీదు తలుపు మూసి ఉంది. లోపల నమాజు అయిపోయింది, అడుగుల చప్పుడు వినపడుతోంది. ఆ అడుగులు వాకిలి వైపు రావడం లేదు, వెనక్కి పోతున్నాయి. పిలవాలి. వందమంది ముందు మైకు పట్టుకుని శాంతి గురించి మాట్లాడినదాన్ని, నాకు ఒక్క మాట రాలేదు. బిడ్డ గుక్కపట్టింది. ఆ ఏడుపు మీదే నేనూ అరిచేశాను.

"తాతా! బిడ్డకు ఊదల్ల, రాండి!"

గడియ తీశారు. మా పరుపులకు ఏటేటా దూది ఏకే ముసలాయన బయటికొచ్చాడు. నన్ను చూశాడు, నా వెనక మలుపును చూశాడు. పెదాలు కదిలించి ఏదో చదివి బిడ్డ మీదికి వంగాడు. ఊపిరి రాలేదు.

"నోరెండిపోయుండాది తల్లీ," అన్నాడు. "ఉండు."

తలుపు పట్టుకున్న చెయ్యి ఆయన వదల్లేదు. మా పిల్లల దడుపుకు మందు వేసే మనిషే దడుసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఈ వాకిట్లో నిలబడుతున్నాం గానీ, వీళ్ళకూ భయం వేస్తుందని నాకెన్నడూ తోచలేదు. సిగ్గుగా అనిపించింది. ఆయన గుటకలు మింగి, రెండోసారి వంగి ఊదాడు. బిడ్డ కళ్ళు చికిలించింది.

ఆయన వెనక ఇంకొకాయన, ఆ వెనక మరొకాయన. ఒక్కొక్కరే వంగి, ఊది, మలుపు వైపు నడిచారు. చివర్లో పంచరు షాపతను వచ్చాడు. పెదవి చిట్లి వాచి ఉంది. ఆ పెదవితోనే ఊదాడు. అతను కుర్రాళ్ళ మధ్య నుంచి నడుస్తుంటే నేను ఊపిరి బిగబట్టాను. కట్టె పట్టుకున్న ఒకడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మరొకడు దారికి అడ్డంగా చాపిన కాలు వెనక్కి తీసుకున్నాడు. అంతే. ఎవరూ ఎవరినీ క్షమించలేదు, కౌగిలించుకోలేదు. అందరూ ఇళ్ళు చేరారు.

తలుపుకు తాళం వేసి ముసలాయన నా దగ్గరికొచ్చాడు.

"రేపు గూడా వస్తావా తల్లీ?"

రానని చెప్పడానికి నాలో ప్రతి ఎముకా సిద్ధంగా ఉంది. ఆయన కళ్ళలోకి చూస్తే ఆ మాట రాలేదు. "వస్తా తాతా," అన్నాను.

ఇంటికి వస్తుంటే బిడ్డ భుజం మీద నిద్రపోయింది. అవ్వ చూసి, మందు పనిచేసిందని సంబరపడింది. నాకు మాత్రం పోయేటప్పటి కన్నా వచ్చేటప్పుడే భయం ఎక్కువైంది. ఈ రోజు నేను పోతానని ఎవరికీ తెలీదు. రేపు ఏ వేళకు వస్తానో, ఎవరిని ఎత్తుకుని వస్తానో, ఊరందరికీ తెలుసు.